దొంగ వంతు

ప్రభావతి సిద్దిపేట నుంచి ఆదివారం వస్తానంది. వచ్చి, తన్మయిని వెంటబెట్టుకుని సాయంత్రం బస్సుకే తిరిగి వెళతానంది. సెలవులు అక్కడే గడిచిపోతాయి, జూన్‌లో అక్కడి బడిలోనే చేర్పిస్తుంది. ఫోన్లో ఇవన్నీ మాట్లాడుకున్నాక చివర, "పిల్లను కూడా అడుగు విజయా, దానికి ఇష్టం లేకుంటె నేను తీస్కపోను" అని కూడా అంది.

విజయశ్రీ అడిగింది. కూతురు తన ముఖంలోకి ఒక్కసారి చూస్తే చాలు, కాదంటుందనే నమ్మకంతోనే అడిగింది. తన్మయి టీవీ మీది నుంచి చూపు తిప్పకుండానే "పోత" అంది.

వదిన ఆలోచనలో వంక పెట్టడానికేమీ లేదు. ప్రభావతి విజయశ్రీ భర్త అనురాగ్‌కు సొంత అక్క, మనసున్న మనిషి. ఇంట్లో ఎప్పుడూ నలుగురు ఉంటారు. విజయశ్రీ పొద్దున అశోక్‌నగర్ వెళితే ఇల్లు చేరేసరికి సాయంత్రం అవుతుంది. కోచింగ్ సెంటర్ల సందులో ఒక జిరాక్స్ షాపులో డీటీపీ పని ఆమెది. ఉద్యోగాల పరీక్షలు రాసే పిల్లల కోసం రోజంతా మోడల్ పేపర్లు టైపు చేస్తుంది. ఆమె లేనంతసేపూ తన్మయి చిక్కడపల్లిలోని వాళ్ల అపార్ట్‌మెంట్‌లోనే, ఎదురింటి బాలత్రిపురసుందరి గారి దగ్గర ఉంటుంది. ఆవిడా బాగానే చూస్తారు. అయినా పరాయి ఇల్లు పరాయి ఇల్లే. ఇవన్నీ విజయశ్రీ తనకు తానే చెప్పుకుంది. ఎన్ని చెప్పుకున్నా ఆ "పోత" అన్న మాట మాత్రం మింగుడు పడలేదు. తన దగ్గర ఉండబుద్ధి కాని పిల్లను ఏ ముఖం పెట్టుకుని ఆపాలి?

అనురాగ్ పోయిన వానాకాలంలో చనిపోయాడు. జ్వరమని ఆస్పత్రిలో చేరాడు. తిరిగి రాలేదు.

కోఠిలో కరెంటు సామాన్ల దుకాణంలో పని చేసేవాడు. ఇంటికొచ్చాక చెప్పులు విడవకముందే ఆట మొదలయ్యేది. పైసా ఖర్చు లేని ఆటలు. తన్మయిని మూటలా భుజాన వేసుకుని, "బియ్యం... పాత బియ్యం..." అని అరుస్తూ వంటింటి గుమ్మం ముందు నిలబడేవాడు. విజయశ్రీ గరిటె పక్కన పెట్టి వచ్చి, ఆ మూటను అటూ ఇటూ వత్తి చూసి, "అన్ని నూకలు, మెరిగెలే ఉన్నయి. మాకొద్దు, పో" అనాలి. మూట కిలకిలా నవ్వేది. నారాయణగూడ సిగ్నల్ దగ్గర బండి ఆగితే, ఇంకాసేపట్లో పక్కకు వచ్చి ఆగబోయే కారుది ఏ రంగో తండ్రీకూతుళ్లకు పందెం. డాబా మీద దుప్పట్లు ఆరేస్తే వాటి మధ్య దాగుడుమూతలు. ఎండేలోపు ఒక దుప్పటైనా కింద పడేది. విజయశ్రీ కేకలేసేది. ఆ కేకలు కూడా ఆటలో భాగమని అప్పుడు తెలియదు.

ఆ ఇంట్లో ఆడించడం అతని పని, కోప్పడటం ఆమె పని. ఇప్పుడు రెండు పనులూ ఆమెవే అయ్యాయి.

ఆదివారం ఇంకా ఆరు రోజులుందనగా విజయశ్రీ షాపు నుంచి పెందలాడే వచ్చింది. చెప్పులు విడిచీ విడవకముందే కూతుర్ని ఎత్తి భుజాన వేసుకుంది. ఏడేళ్ల పిల్ల బరువు నడుమును కిందికి లాగింది. ఎలాగో వంటింటి గుమ్మం దాకా నడిచి, "బియ్యం... పాత బియ్యం..." అంది. లోపల గిన్నెలు బోర్లించి ఉన్నాయి, పొయ్యి ఆరిపోయి ఉంది. వద్దనడానికి ఎవరూ లేరు. ఇద్దరూ కాసేపు ఆ వంటింట్లోకే చూశారు. తర్వాత ఆమె తన్మయిని మెల్లగా కిందికి దించింది.

"నడుం పట్టిందా మమ్మీ?"

"లేదు బిడ్డా."

మర్నాడు చింతగింజలు ఒకవైపు అరగదీసి, గచ్చు మీద సుద్దముక్కతో గళ్లు గీసి, అష్టాచెమ్మా మొదలుపెట్టింది. అందులో అయినా పిల్ల గెలవాలని ఆమె కోరిక. గెలిస్తే నవ్వుతుంది. నవ్వితే ఏమో, ఉండిపోతానంటుందేమో. తన్మయి కాయను చంపే పందెం పడ్డప్పుడల్లా ఆమె ఇంకో కాయను జరిపింది. మూడోసారి తన్మయి తల ఎత్తింది.

"మమ్మీ, నీకు అష్ట పడ్డది. నా కాయ చచ్చిపోతది."

"అరె, చూడలేదే."

"చూసినవ్. చూసే పక్క కాయ జరిపినవ్."

"నీకే మంచిది గదనే, గెలుస్తున్నవ్ గద."

తన్మయి గింజలన్నీ దగ్గరికి చేర్చి తల్లి చేతిలో పోసింది. "నాకు నిద్ర వస్తుంది" అంది. బయట ఇంకా ఎండ పొడ ఉంది.

"డాడీ అయితే నన్ను చంపేటోడు" అని మాత్రం మంచం ఎక్కాక గోడకు చెప్పినట్టు చెప్పింది.

విజయశ్రీ ఆ మాటను తనకు తోచిన విధంగానే అర్థం చేసుకుంది: అనురాగ్‌లా ఆడించడం తనకు చేతకాదు. ఆ వారంలో ఇంకేమీ ప్రయత్నించలేదు.

శనివారం సాయంత్రం తన్మయి బట్టలు సర్దడానికి కూర్చుంది. పిల్ల కూడా పక్కనే కూర్చుని, తన గౌన్లు తానే మడతపెడుతోంది. కింద సెల్లార్‌లో పిల్లల అరుపులు కిటికీలోంచి వినిపిస్తున్నాయి. అపార్ట్‌మెంట్ పిల్లలంతా కార్లు బయటికి వెళ్లిన జాగాలో సాయంత్రాలు ఆడుకుంటారు. వాళ్లకు పెద్ద, బాలత్రిపురసుందరి గారి మనవరాలు నిహారిక. పదేళ్లుంటాయి. తన్మయి కిందికి వెళ్లడం ఎప్పుడో మానేసింది.

"అత్త దగ్గర ఏం బాగుంటదే నీకు?" అంది విజయశ్రీ. మామూలుగా అడిగినట్టే ఉండాలని గౌను మీదే చూపు ఉంచింది.

"ఆడుకుంటరు."

"ఇక్కడ ఆడుకుంటలేరా? ఇనబడుతలేదా లొల్లి?"

"ఆడుతరు."

"మరి నువ్వెందుకు పోవు?"

తన్మయి గౌను చేతులు రెండూ వెనక్కి మడిచి, దాన్ని సంచిలో పెట్టింది. "అక్కడ నన్ను దొంగను చేస్తరు" అంది.

విజయశ్రీకి ముందు అర్థం కాలేదు. "దొంగను చేస్తె మంచిదా?"

"బతుకమ్మకు పోయినప్పుడు నేను మస్తుసార్లు దొంగనైన. ఒకపాలి ఏడ్చిన కూడ. అయినా ఇడిచిపెట్టలే. అక్కడోళ్లకు తెల్వదు గద."

"ఏం తెల్వదు?"

"డాడీ సంగతి."

కింద ఎవరో "అవుట్, అవుట్" అని అరిచారు. తన్మయి అటు చూడలేదు.

"ఇక్కడ నేను అరటిపండు. ఎవరు ముట్టుకున్నా లెక్కల లేదు. బబ్లూ గాడు కూడ దొంగైతడు మమ్మీ. వాడు ఎల్‌కేజీ."

ఆటలో అరటిపండు అంటే ఏమిటో విజయశ్రీకి తెలుసు. పరుగు రాని చంటి పిల్లల్ని ఏడిపించడం ఎందుకని ఆటలో కలుపుకుంటారు. వాళ్లు అందరితో పాటు పరిగెడతారు, అరుస్తారు. కానీ దొరికినా దొరికినట్టు కాదు. వాళ్లకు దొంగ వంతు రాదు. ఆడుతున్నామని వాళ్లు మాత్రమే అనుకుంటారు.

తెలియందల్లా అది తన కూతురికి ఎట్లా అంటిందన్నదే. అది కూడా ఎంతోసేపు పట్టలేదు. అనురాగ్ దినవారాలన్నీ అయిపోయి చుట్టాలు వెళ్లిపోయాక, తన్మయి మొదటిసారి కిందికి దిగిన సాయంత్రం గుర్తొచ్చింది. ఆ రోజు పిల్ల దొంగ అయింది. ఎంత తిరిగినా ఎవరూ దొరకలేదు. ఏడుస్తూ పైకి వచ్చింది. విజయశ్రీ అప్పుడే కిందికి దిగి, పిల్లలందరికీ చాక్లెట్లు పంచి, నిహారిక భుజం మీద చేయి వేసి, "మా తన్మయిని జర చూసుకోండ్రమ్మా. దొంగను చెయ్యకుండ్రి, ఏడుస్తది" అని చెప్పి వచ్చింది. చెప్పి మరిచిపోయింది. నిహారిక మరవలేదు. అప్పగించిన పని అప్పగించినట్టు ఇన్ని నెలలూ చేస్తూనే ఉంది.

మొన్న గచ్చు మీద తను చేసింది కూడా అదే. చింతగింజలతో పిల్లను మళ్లీ అరటిపండును చేసింది.

లేచి వెళ్లి నిహారికకు చెబుదామా అనుకుంది. రేపటి నుంచి తన్మయిని కూడా దొంగను చెయ్యండి అని. గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయింది. అమ్మ చెప్పింది కాబట్టి దొంగను చేస్తే అది మాత్రం ఆటవుతుందా? అదీ జాలే. పిల్లకు తెలియకుండా ఉండదు. ఆమె వెనక్కి వచ్చి మిగిలిన గౌన్లు సర్దింది. తన్మయిని ఉండమని అడగలేదు.

ప్రభావతి మర్నాడు పదింటికల్లా దిగింది. కొత్త మామిడికాయ తొక్కు సీసా, అప్పాలు తెచ్చింది. వచ్చీ రాగానే మేనకోడల్ని దగ్గరికి లాక్కుని, "గింత చిక్కిపోయిందేందే విజయా" అంది. అన్నాలు తిన్నారు. సంచి తలుపు దగ్గర పెట్టారు. ఎండ కొంచెం వాలాక సెల్లార్‌లో గోల మొదలైంది.

విజయశ్రీ చీర కుచ్చిళ్లు ఎత్తి నడుముకు దోపుకుంది.

"వదినె, బస్సుకు ఇంక టైమున్నది. నేను కిందికి పోయొస్త."

"ఎందుకే?"

"ఆడుకోనీకి."

ప్రభావతి నోట్లో పెట్టుకోబోయిన వక్కపలుకు చేతిలోనే ఉండిపోయింది. తన్మయి గబుక్కున లేచింది. "నేను రాను."

"నువ్వు రాకు. నేను పోతున్న."

"పెద్దోళ్లు ఆడరు మమ్మీ. అందరు నవ్వుతరు."

"నవ్వనియ్యి."

ఆమె మెట్లు దిగుతుంటే వెనక నుంచి చెప్పుల చప్పుడు వినపడింది. తల్లిని ఆపడానికే వస్తోందో, తల్లి పరువు ఏమవుతుందో చూద్దామని వస్తోందో గానీ తన్మయి వస్తోంది. దాని వెనక, మోకాళ్లు పట్టుకుంటూ ప్రభావతి.

సెల్లార్‌లో నేలాబండా ఆడుతున్నారు. దొంగ నేల కోరుకుంటే నేలంతా దొంగది. మిగతావాళ్లు మెట్ల మీదో, స్తంభాల చుట్టూ కట్టిన గట్ల మీదో, బోరు మోటారు గద్దె మీదో నిలబడాలి. నేల మీద దొరికినవాళ్లు దొంగ. మరీ పైనే కూర్చుంటే ఆట సాగదు కాబట్టి దిగి దొంగను ఉడికించాలి. మొదటి అంతస్తు జగన్నాథరావు గారు తన కారు పక్కనే కుర్చీ వేసుకుని, ఎవరూ దాని మీద ఎక్కకుండా కాపలా కాస్తున్నారు.

"నేను కూడ ఆడుత" అంది విజయశ్రీ.

పిల్లలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. జగన్నాథరావు గారు పేపరు దించారు. "ఏమ్మా, నువ్వు కూడానా? వీళ్ల గోలే పడలేకపోతున్నాం."

"కారు ఎక్కనండి" అందామె. బబ్లూ పకపకా నవ్వాడు.

నిహారిక ముందుకొచ్చి మర్యాదగా, "అయితే ఆంటీ, మీరు అరటిపండు" అంది.

"ఎందుకు?"

"మీరు పరిగెత్తలేరు కదా ఆంటీ. పాపం."

"ఉరకకపోతె దొరుకుత. దొరికితె దొంగనైత. పాపం గీపం ఏం లేదు. నేను ఆడనీకే వచ్చిన."

నిహారిక మిగతా పిల్లల వైపు తిరిగింది. "సరే, అయితే పంటలేద్దాం" అంది. తన్మయి మెట్టు మీద నిలబడి చూస్తోంది. ఎవరూ పిలవకముందే ఒక చిన్న కుర్రాడు, "తన్మయీ, నువ్వు వెయ్యక్కర్లేదుగా" అన్నాడు. తన్మయి తల ఊపింది. అలవాటైన తల ఊపు. ముగ్గురేసి చేతులు కలిపి, అరచేయో చేయి వెనకో చూపిస్తూ, వేరుగా పెట్టినవాళ్లు ఒక్కొక్కరే పంటై బయటపడ్డారు. చివరికి విజయశ్రీ మిగిలింది.

"నేలా? బండా?" అని అందరూ అరిచారు.

"నేల."

అరుచుకుంటూ అందరూ గట్లెక్కారు. విజయశ్రీ పరుగు అందుకుంది. చిన్నప్పుడు రాంనగర్‌లో ఆడిన ఆటే గానీ కాళ్లకు అది గుర్తు లేదు. స్తంభానికి అటు నుంచి వెళితే పిల్లలు ఇటు నుంచి దిగారు. బబ్లూ అయితే ఆమె వెనకాలే పరిగెత్తి, "నీ నేల మీదనే ఉన్నా, నీ నేల మీదనే ఉన్నా" అని గెంతాడు. కొప్పు ఊడింది. ప్రభావతి మెట్ల మీద కూర్చుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటోంది.

అప్పుడు తన్మయి దిగింది. దిగడం కూడా మెల్లగా దిగింది. పరుగు లేదు, అరుపు లేదు. మెట్ల దగ్గర నుంచి మోటారు గద్దె వైపు నడుచుకుంటూ వెళుతోంది. తనను ఎవరూ పట్టుకోరని తెలిసినవాళ్లు నడిచే నడక అది. విజయశ్రీ రెండు అంగల్లో చేరింది. తన్మయి అప్పుడు చూసింది. చూసి, గద్దె మీదికి కాలు వేసింది. విజయశ్రీ కూతురి భుజం మీద చరిచింది.

"దొరికినవ్!"

నిహారిక గట్టు మీది నుంచి, "ఆంటీ, తన్మయి కదా..." అని ఆగిపోయింది.

"నా కాలు బండ మీదనే ఉన్నది!" అంది తన్మయి.

"ఒక కాలే ఉన్నది. రెండోది నేల మీదనే ఉండె. మడిమె ఆనింది, నేను చూసిన."

"ఆనలే!"

"ఆనింది."

"తొండి! నువ్వు తొండి ఆడుతున్నవ్!"

"తొండి నాది కాదు, నీది. దొంగవి నువ్వే."

తన్మయి ముఖం ఎర్రబడింది. కింది పెదవి వణికింది. కళ్లలో నీళ్లు బొటబొటా రాలాయి. విజయశ్రీ చేతులు వాటంతట అవే ముందుకు వచ్చాయి. దగ్గరికి తీసుకుని, పోనీలే, కాదులే అనడానికి ఒక్క క్షణం పట్టదు. ఆమె చేతులు రెండూ నడుముకు ఆనించుకుని గట్టిగా పట్టుకుంది.

ప్రభావతి లేచి నిలబడింది. "పోనియ్యరాదే విజయా, చిన్న పిల్ల. ఏడుస్తుంది."

"వదినె, నువ్వు ఆటల లేవు" అంది విజయశ్రీ. గొంతు కొంచెం గట్టిగానే వచ్చింది.

తన్మయి మోచేత్తో ముక్కు తుడుచుకుంది. తల్లి వంక చూసింది. తర్వాత నిహారిక వంక చూసింది. నిహారిక తన కాళ్లు గట్టు అంచుకు జరుపుకుంది, దూకడానికి సిద్ధంగా ఉన్నట్టు.

"అడుగుండ్రి" అంది తన్మయి, ఇంకా వెక్కుతూనే.

ఎవరూ కదల్లేదు.

"నేను దొంగ గద. అడుగుండ్రి!"

"నేలా? బండా?" అంది విజయశ్రీ ఒక్కతే. పిల్లలు అప్పుడు అందుకున్నారు. "నేలా? బండా?"

"బండ!"

గట్ల మీదున్నవాళ్లంతా హోరుమని కిందికి దూకారు. ఇప్పుడు బండలు తన్మయివి. ఒక గట్టు మీది నుంచి ఇంకో గట్టు మీదికి గెంతుతూ, కాలు పెట్టినవాళ్లను అందుకోవాలి. చాలాసేపు ఎవరూ అందలేదు. ఉడికించారు, వెక్కిరించారు. బబ్లూ నాలుక చాపాడు. విజయశ్రీ కూడా మెట్టు మీద కాలు పెట్టి, తీసి, కూతురి వేళ్లకు జానెడు దూరం నుంచి తప్పించుకుంది. తన్మయి ఒకసారి జారి మోకాలు గీసుకుంది. ఉమ్ము అద్దుకుని మళ్లీ లేచింది. చివరికి స్తంభం వెనక నక్కి, గట్టు మీద కాలు పెట్టిన నిహారిక జడ పట్టుకుని గుంజింది. నిహారిక కెవ్వుమంది. "దొరికినవ్! దొరికినవ్!" అని తన్మయి అరిచిన అరుపుకు జగన్నాథరావు గారి చేతిలో పేపరు జారింది.

"జడ పట్టుకోవడం ఏంటే, తొండి!"

"జడ నీది కాదా?"

ప్రభావతి చేతి గడియారం చూసుకుంది. ఒకసారి "బిడ్డా, బస్సు" అంది. ఎవరికీ వినపడలేదు. ఇంకోసారి అనలేదు. ఆ బస్సు వెళ్లిపోయింది. దాని తర్వాతిదీ వెళ్లిపోయే వేళయింది. సెల్లార్‌లో లైటు వేశారు. తన్మయి మళ్లీ దొరికింది, మళ్లీ దొంగ అయింది. ఈసారి ఏడవలేదు గానీ ఐదు నిమిషాలు తగువాడింది. ఆ తగువు తేలేలోపే బాలత్రిపురసుందరి గారు పై నుంచి కేకేశారు. "నిహారికా, ఇంక చాలు, పైకి రా తల్లీ!"

ఆట అక్కడ ఆగింది. వెళుతూ వెళుతూ నిహారిక వేలు చూపించి గట్టిగా చెప్పింది. "తన్మయీ, నీ దొంగ వంతు అవ్వలేదు. రేపు మొదట నువ్వే. ఎగ్గొట్టావంటే ఊరుకోం."

"ఎందుకు ఎగ్గొడుత? వస్త."

మెట్లెక్కుతుంటే ప్రభావతి అడిగింది. "మరి పొద్దుగాల మొదటి బస్సుకు పోదమా బిడ్డా?"

"ఎట్ల పోత అత్తా? రేపు దొంగను నేనే గద. ఇనలేదా?"

"అయితె ఎల్లుండి?"

తన్మయి ఆలోచించింది. "రేపు ఎవరు దొరుకుతరో చూడాలె" అంది. అని, రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి పోయింది.

ప్రభావతి మెట్టు మీద ఆగి విజయశ్రీని చూసింది. ఊడిన కొప్పు, మట్టి కొట్టుకున్న పాదాలు, చీర అంచుకు ఏ బండి కిందిదో నూనె మరక. "ఏం మందు పెట్టినవే దానికి?"

"ముట్టుకున్న వదినె. గంతే."

ప్రభావతి కొంగుతో మరదలి ముఖం మీది చెమట తుడిచింది. కాసేపటికి, "సెలవుల్లనైనా పంపుతవా?" అంది.

"పంపుత. దాని వంతు లేనప్పుడు."

ఇంట్లో తన్మయి అప్పటికే కుళాయి కింద కాళ్లు పెట్టుకుని నిలబడి ఉంది. గీసుకుపోయిన మోకాలికి నీళ్లు తగిలి మంట పుట్టినట్టుంది, ముఖం ముడుచుకుంది. తల్లి రాగానే తల తిప్పింది.

"నా మడిమె ఆనలే మమ్మీ. నిజంగ చెప్తున్న."

"ఆనింది."

"నువ్వు చూడలే. నువ్వు ఉరుకుతున్నవ్ అప్పుడు."

"ఉరుక్కుంటనే చూసిన."

"అత్తనడుగు!"

"ఎవరినడిగినా ఆనింది ఆనిందే."

విజయశ్రీ ఒప్పుకోలేదు. తన్మయీ ఒప్పుకోలేదు. అన్నాల దగ్గర కూడా ఆ తగువు నడుస్తూనే ఉంది.